ఒకటిన్నర అంగుళాల గడప

మా ఇంటి ప్లాను గీసింది మా అక్క. లెక్కల టీచరు కాబట్టి గ్రాఫు కాగితం మీద గీసింది. ముందు తన వీల్‌చైర్‌ను కొలిచింది. చక్రాలు తిప్పేటప్పుడు మోచేతులు పక్కలకు ఎంత జరుగుతాయో, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మళ్ళడానికి ఎంత చోటు కావాలో అంతా నాతో టేపు పెట్టించి రాసుకుంది. తలుపులు మూడున్నర అడుగులు. వంటగట్టు కింద మోకాళ్ళు పట్టేంత ఖాళీ. బాత్‌రూం నేల గది నేలతో సమానంగా ఉండాలి, నీళ్ళు పోవడానికి కొంచెం వాలు ఉంటే చాలు. ఇంట్లో ఎక్కడా గడప ఉండకూడదు.

"గేటు కాడి నుంచి వంటింటి దాకా నా చేతుల్తో నేనే తోసుకుంటా పోవాల. వెనకాల ఎవరి చెయ్యీ ఉండకూడదు," అంది. ఆమె అడిగింది అదొక్కటే.

అప్పుడు మేము ముగ్గురం, అమ్మ, అక్క, నేను, యలహంక పాత ఊళ్ళో అద్దెకు ఉండేవాళ్ళం. ఆ ఇంటికి మూడు మెట్లు. రోజూ పొద్దున నేనూ పక్కింటాయనా కుర్చీని చెరో పక్క పట్టుకుని బియ్యం మూటను దించినట్టు దించితే, అక్క ఆటో ఎక్కి స్కూలుకు పోయేది. దించేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకునేది. నొప్పి కాదు, అవమానం. కండరాల్లో బలం మెల్లగా తగ్గిపోయే జబ్బు ఆమెది. కాళ్ళు అప్పటికే పోయాయి. చేతుల మాట అడిగితే డాక్టరు, ఇంకా కొన్నాళ్ళు పనిచేస్తాయి, ఎన్నాళ్ళని మాత్రం నన్ను అడగొద్దు అన్నాడు. నాన్న పోతూ మాకు మిగిల్చిన ఇంటి సైటు ఒకటి యలహంక అవతల ఉంది. ఆ డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన వారంలోనే ఇల్లు కట్టాలని తేల్చుకున్నాం. ఇల్లు ముందు ముగుస్తుందా, అక్క చేతులు ముందు ముగుస్తాయా అన్నదే మా లెక్క.

మొదటి కాంట్రాక్టరు మాలాగే తెలుగు మాట్లాడతాడని అమ్మకు నచ్చాడు. వచ్చిన రోజే "సార్ లేరా?" అని అడిగాడు. ఏ సారూ లేడు, నాతోనే మాట్లాడు అన్నాను. నా నోరు మంచిది కాదని ఆయనకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. అక్క గ్రాఫు కాగితం పరిచి ఒక్కో గీతా వివరించింది. ప్రతిదానికీ తల ఊపి "అయితాది మేడమ్" అన్నాడు. ఇప్పటికీ ఎవరైనా అయితాది అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. అది మళ్ళీ విప్పింది నేను చూడలేదు.

కట్టుబడి గట్టిదే. ఆ మాట చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. పునాది, పిల్లర్లు, పైకప్పు మోల్డు, అన్నీ చకచకా లేచాయి. నేను శనివారాలు మాత్రమే పోయేదాన్ని. మిగతా రోజులు కుందలహళ్ళిలో ఆఫీసు. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. ఒక శనివారం పోతే గదుల తలుపులకు రెండున్నర అడుగుల చట్రాలు నిలబెట్టి ఉన్నాయి. బాత్‌రూం నేల నాలుగంగుళాలు కిందికి దిగి ఉంది.

"అందరి ఇళ్ళల్లో ఇంతే ఉంటాది మేడమ్. లేకపోతే నీళ్ళు బయటికి రావా?" అన్నాడు.

"అందరి ఇళ్ళల్లో మా అక్క ఉండదు కదప్పా."

"సరిచేస్తాం. అయితాది."

ఇక వీధి వాకిలి సంగతి. ఇది నేను రాయకుండా తప్పించుకోవచ్చు, అడిగేవాళ్ళు కూడా లేరు. కానీ ఇది లేకపోతే మిగతాదంతా అబద్ధం అవుతుంది.

వాకిలి చట్రం నిలబెట్టే ముహూర్తం పనిదినం నాడు వచ్చింది. అక్క స్కూల్లో, నేను ఆఫీసులో. అమ్మా పూజారీ మాత్రమే సైటు దగ్గర ఉన్నారు. నేను మీటింగుకు లేస్తుండగా కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. "మేడమ్, అమ్మగారు ఏడస్తా ఉండారు. గడప లేని వాకిలికి పసుపు ఎక్కడ పూసేది అంటా ఉండారు. ఏం చేసేది చెప్పండి, ముహూర్తం పోతాది."

అమ్మ ఫోన్ లాక్కుంది. "సుమ్మనే ఉత్తగ మూడు కట్టెలు నిలబెట్టి వాకిలి అంటే ఎట్లే? మీ నాయన సైటు అది. కడాకు ఒక గడపకు కూడా గతిలేనోళ్ళమా?"

గడప ఎంత ఎత్తు అని అడిగాను. ఒకటిన్నర అంగుళాలు అన్నాడు. అద్దాల గదిలో అందరూ నాకోసం చూస్తున్నారు. "సరే, పెట్టెయ్. అక్కకు నేను చెప్తాను," అన్నాను. గడప కింద నవధాన్యాలూ రాగి బిళ్ళా పెట్టి, మేస్త్రికి కొత్త పంచె ఇచ్చి, వాకిలి నిలబెట్టారు. అక్కకు నేను చెప్పలేదు. ఈ రోజు రేపు అనుకుంటూ అలాగే ఉండిపోయాను.

స్కూలుకు సెలవులిచ్చాక అక్క మొదటిసారి ఇల్లు చూడటానికి వచ్చింది. మెట్ల దగ్గర పలకలు వేసి దారి చేశారు. దాని మీద తనే తోసుకుంటూ వాకిలి దాకా పోయి ఆగింది. గడపను చూసింది. "ఇదేమి?" అంది.

నేను కాంట్రాక్టరు మీద విరుచుకుపడ్డాను. ప్లాను జేబులో పెట్టుకుని తిరిగితే ఇల్లు అయిపోతుందా, నీకు కళ్ళు లేవా, ఎన్నిసార్లు చెప్పాలి అని అరిచాను. ఆయన నా వైపు చూశాడు. అంతే, ఒక్క చూపు. తర్వాత అక్క వైపు తిరిగి "తప్పయిపోయింది పెద్ద మేడమ్. మర్చిపోయినా," అన్నాడు.

ఇంతలో అక్క "జరగండి" అంది. కుర్చీని వెనక్కి లాక్కుని, ఒక్క ఊపుతో ముందుకొచ్చి గడపను గుద్దింది. ఎక్కలేదు. మళ్ళీ వెనక్కి పోయింది. మళ్ళీ గుద్దింది. మూడోసారి వెనక్కి వాలి ముందు చక్రాలు లేపి గడప మీద వేసి, పళ్ళు బిగించి పెద్ద చక్రాలను తోసింది. మెడ నరాలు ఉబ్బాయి. కుర్చీ దబ్బున లోపల పడింది. అక్క లోపల ఉంది. ఎవరి చెయ్యీ పడకుండా.

హాల్లో ఒక చుట్టు తిరిగింది. గదుల్లోకి పోయి వచ్చింది. వంటింట్లో కిటికీ వచ్చే చోట ఆగి, "పాలు ఇక్కడ కాగుతా ఉంటే నాకు రోడ్డు కనిపిస్తాది," అని నవ్వింది. ఆ నవ్వు నేను చాలా రోజుల తర్వాత చూశాను. అప్పుడే ఆమె వేళ్ళూ చూశాను. ఇరుకు చట్రాలకు రాసుకుని కణుపుల దగ్గర తోలు లేచి రక్తం వస్తోంది.

"పోనీలే," అంది అక్క. "గడప దాటుకుంటా. బాత్‌రూంలో చెక్క వేసుకుందాం. వేళ్ళు గీసుకుంటే గీసుకోనీ. గలాటా వద్దు. ముందు ఇల్లు ముగించమను."

ఆ మాట ఆమె నాకు స్పష్టంగా చెప్పింది. నేను విన్నాను. విని కూడా ఆ రక్తం చూపించి కాంట్రాక్టరును ఇంకా నాలుగు మాటలు అన్నాను. నా అరుపుల్లో సగం అక్క వేళ్ళకోసం, మిగతా సగం నా ఫోన్ మాట బయటపడకుండా ఉండటానికి. రేపటి నుంచి రావద్దు, నీ మనుషుల్ని తీసుకుపో అన్నాను. ఆయన జేబులోంచి గ్రాఫు కాగితం తీసి సిమెంటు మూట మీద పెట్టాడు. చెమటకు తడిసి తడిసి అది గుడ్డలా మెత్తబడిపోయింది. పనివాళ్ళు తాపీలూ తట్టలూ సర్దుకుని గంటలో వెళ్ళిపోయారు. నాకు గెలిచినట్టే ఉంది.

కొత్త కాంట్రాక్టరు పది రోజుల్లో దొరుకుతాడనుకున్నాను. వచ్చినవాళ్ళు వచ్చారు. గోడల మీద వేలితో కొట్టి చూసి, పైకప్పు వైపు మెడలు ఎత్తి, "ఎవరు కట్టింది?" అని అడిగేవాళ్ళు. ఇంకొకరి చెయ్యి పడిన పని మేము పట్టం, రేపు బీట పడితే ఎవరిని అంటారు అని వెళ్ళిపోయేవాళ్ళు. వానలు పట్టుకున్నాయి. పైకి వదిలిన ఇనుప కడ్డీలు తుప్పు పట్టాయి. వంటింట్లో, పాలు కాగుతాయన్న చోట, గడ్డి మొలిచింది.

ఆ వానల్లోనే అక్క జడ వేసుకోవడం మానేసింది. జుట్టు కత్తిరించుకుంది, సులువుగా ఉంటుందంది. తర్వాత కుక్కరు ఎత్తలేకపోయింది. తర్వాత బోర్డు మీద రాయడానికి చెయ్యి లేవక, కూర్చున్నచోటి నుంచే పాఠం చెప్పి పిల్లల చేత రాయిస్తోందని స్కూలు ఆయా చెబితే తెలిసింది. నేను ప్రతి ఆదివారం కాంట్రాక్టర్లకు ఫోన్లు చేస్తూనే ఉన్నాను. దేవుణ్ణి కూడా తిట్టాను, ఆయనైతే ఫోన్ పెట్టెయ్యలేడు కదా అని.

చివరికి అత్తిబెలె నుంచి ఒకాయన వచ్చాడు. పెద్దమనిషి, మాట తక్కువ. చేస్తానన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. "మొదలుపెట్టినాయన నోటితో సరే అనాలమ్మా. మా పనిలో అదొక మర్యాద ఉండాది."

పాత కాంట్రాక్టరు ఇంకో సైటులో పని చేయిస్తుంటే పోయి కలిశాను. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. సంగతి చెప్పాను. "గడప సంగతి పెద్ద మేడమ్‌కు చెప్పినారా?" అని అడిగాడు.

"లేదు."

"సరే. ఆ కొత్తాయనకు ఫోన్ కలపండి, నేను చెప్తా." మాట్లాడి ఫోన్ తిరిగి ఇస్తూ, "పెద్ద మేడమ్ చేతులు ఎట్లుండాయి?" అన్నాడు. నేను టీ తాగకుండానే లేచి వచ్చేశాను.

రెండో ఆయన మంచివాడు. గ్రాఫు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి గోడకు తగిలించి, రోజూ చూసి పని చేయించాడు. కానీ ఆయన మొదట చేయవలసింది పగలగొట్టడం. తలుపులు వెడల్పు చేయాలంటే పైనున్న కాంక్రీటు పట్టీలు తీయాలి. అవి తీస్తుంటే కప్పు అంచున బీట వచ్చింది. కింద కర్రలు నిలబెట్టి వారాల తరబడి ఆగాం. పని చేసేవాళ్ళు పండక్కని ఊళ్ళకు పోయి సగం మందే తిరిగొచ్చారు. ఆ దుమ్ములో నిలబడితే నాకు ఏడుపొచ్చేది. ఇంకో ఏడాది అలాగే పోయింది.

ఒక మధ్యాహ్నం అద్దె ఇంట్లో అక్క మంచినీళ్ళకోసం కుర్చీ తిప్పుకోబోయింది. చక్రం కదల్లేదు. చేతులు చక్రాల మీదే ఉన్నాయి, కుర్చీ అక్కడే ఉంది. నన్ను పిలవలేదు. నేనే చూశాను. మోటారు కుర్చీ కొందామన్నాను. దాన్ని నడిపే పుల్ల తిప్పడానికి వేళ్ళు ఉండాలి కదా అంది. ఆమె చేతుల్లో ముందు పోయింది వేళ్ళే.

అప్పుడు చెప్పేశాను. గడప పెట్టమన్నది నేనే, ఆయన తప్పు లేదు అని.

"తెలుసులే. వాకిలి నిలబెట్టిన సాయంత్రమే అమ్మ చెప్పింది. నువ్వే చెప్తావని ఇదేమి అని అడిగినా," అంది.

"మరి ఆ రోజు ఎందుకు ఊరుకున్నావు?"

"నువ్వు అంత కోపంలో ఉంటే నీకు ఎవరు చెప్తారే? ఇల్లు ముగించమని అయితే చెప్పినా కదా."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. కొట్టినా బాగుండేది.

ఆఖరున గడప తీసేటప్పుడు అమ్మ ఏడవలేదు. "తీసెయ్యప్పా," అని తనే చెప్పి, కింద దొరికిన పురుగుపట్టిన ధాన్యాన్నీ నల్లబడిన రాగి బిళ్ళనూ కొంగున కట్టుకుంది. ఆ చోట నున్నటి రాయి పరిచారు. చెయ్యి పెట్టి రాస్తే లోపలేదో బయటేదో తెలియనంత సమానంగా కుదిరింది. ఇల్లు అచ్చం గ్రాఫు కాగితం మీద ఉన్నట్టే వచ్చింది. ఒక్క గీత కూడా తప్పలేదు.

గృహప్రవేశం రోజు అమ్మ ఆ రాయి మీద గడప ఉండిన చోట పసుపుతో ఒక గీత గీసింది. నేను అక్కను గేటు నుంచి కట్టిన వాలు మీదుగా పైకి తోసుకొచ్చాను. వాకిలి ముందు "ఆగు" అంది అక్క. ఆగాను. "చెయ్యి తియ్యి" అంది. తీసి ఒక అడుగు వెనక్కి జరిగాను.

రెండు చేతులూ ఒడిలోంచి ఒక్కొక్కటిగా ఎత్తి చక్రాల మీద పెట్టుకుంది. దానికే ఎంతోసేపు పట్టింది. పూజారి మంత్రం ఆపేశాడు. అమ్మ హారతి పళ్ళెం పట్టుకుని లోపల నిలబడి ఉంది. అక్క పళ్ళు బిగించింది. భుజాలు వణికాయి. గడప ఉన్నప్పుడు ఈ వాకిలినే ఆమె దాటింది. దాటుకుంటానని కూడా చెప్పింది. ఇప్పుడు అడ్డం ఏమీ లేదు, ఒక పసుపు గీత తప్ప. కుర్చీ కదల్లేదు.

చేతులు మళ్ళీ ఒడిలో వేసుకుంది. నా వైపు తిరగకుండా, "తొయ్యి," అంది.

తోశాను. చిన్న కుదుపైనా లేకుండా కుర్చీ లోపలికి వెళ్ళింది.