విత్తనానికి వదిలిన బీరకాయ

మొన్న కోదాడలో కొన్న బీరపీచును కవరు విప్పి నీళ్లలో వేయగానే, తడిసిన వరిగడ్డి వాసనలాంటిది వంటింటి నిండా పాకింది. నిడమనూరులో మా పెరట్లో గిన్నెలు తోమే జాలారి దగ్గర ఉండే వాసన అది.

అక్కడ నాయనమ్మ ఒక చేత్తో బూడిద, ఒక చేత్తో బీరపీచు పట్టుకుని, గిన్నెలతో ఏదో గొణుగుతూ తోమేది. అమ్మ తెచ్చిన ఆకుపచ్చ స్పాంజిని "గిదేంది, పాసిపోయిన బూరె లెక్క కంపు గొడ్తది" అని గోడవతలికి విసిరేసింది. గోడ మీది తీగకు వానాకాలమంతా బీరకాయలు వేలాడేవి. లేతవి పప్పులోకి, ముదిరినవి పీచుకి, అన్నిటికన్నా పెద్దదాన్ని మాత్రం తెల్లగుడ్డ పీలిక కట్టి విత్తనానికని వదిలేసేది. చలి మొదలయ్యేసరికి అది ఎండి, పేడరంగుకు తిరిగి, ఎవరూ ముట్టకపోయినా గాలికి గలగలమనేది. మిట్టమధ్యాహ్నం ఆ చప్పుడు వింటే నేను పెరట్లోకి పోయేదాన్ని కాదు.

"గింజలు ముచ్చట పెట్టుకుంటున్నయే, నిన్నేం జేస్తయ్" అని నాయనమ్మ నవ్వేది.

నా నాలుగో తరగతి చలికాలంలో ఆమెను మిర్యాలగూడ దవాఖానలో చేర్చారు. అమ్మా నాన్నా అక్కడే ఉన్నారు, తాత పొలం పోయాడు. నేను పొయ్యి మీద పాలు పెట్టి కథల పుస్తకంలో పడిపోయాను. గిన్నె అడుగంతా మాడి నల్లబడింది. పాత పీచు అరిగి దారాలైపోయింది. తాత తిడతాడన్న భయంతో తెల్లగుడ్డ కట్టిన కాయనే తెంపి, పొయ్యి గట్టుకేసి కొట్టాను. మూతి ఊడి, నల్లటి గింజలన్నీ నిప్పుల్లో రాలి చిటపటమని పేలాయి. ఒక్కటీ మిగల్లేదు.

సాయంత్రం తాత సెల్‌ఫోన్ నా చేతికిచ్చి కాళ్లు కడుక్కోను పోయాడు. అవతల నాయనమ్మ.

"ఇత్తనం కాయ మోగుతున్నదా బిడ్డా?"

"మోగుతున్నదే."

"జర ఊపు, సప్పుడు ఇంట."

కందుల డబ్బా అందుకుని ఊపాను. చాలాసేపు అవతల ఊపిరి మాత్రమే వినిపించింది.

"గింజలు లావైనయే" అంది.

మూడోనాడు ఆమెను ఇంటికి తెచ్చారు, తెల్లగుడ్డ కప్పి. నేను చేసింది నోట్‌బుక్కులో రాసి ఆ పేజీ మడిచేశాను.

తొలకరికి, పొయ్యి బూడిద పోసే కుప్ప మీద బీరతీగ మొలిచింది. "యాడి గింజనో పడ్డదిలే" అంది అమ్మ. ఆ తీగ గోడ వైపు పోకుండా వంటింటి కిటికీకి పాకి, ఒకే ఒక్క కాయ కాసింది. ఎండాక అది, ఆకైనా కదలని మధ్యాహ్నాల్లో మోగేది. బీరగింజల పల్చటి గలగల కాదు. రేకు డబ్బాలో కందులు దొర్లినట్టు, బరువుగా. అమ్మ దాన్ని కోసి గింజలు తీస్తానంటే, వద్దని పొర్లి పొర్లి ఏడ్చాను. అది తీగకే ఉండి, ముసురుకు తడిసి, కుళ్లి రాలిపోయింది. నాయనమ్మ ఏటేటా నిలిపిన విత్తనం అలా మా ఇంట్లో ఖతమైంది.

ఇప్పుడా గోడ లేదు, పొయ్యి లేదు, బూడిద లేదు. కోదాడ పీచు తెల్లగా, శుభ్రంగా ఉంది. నీళ్లలోంచి తీసి చెవి దగ్గర ఊపి చూశాను. ఏ చప్పుడూ లేదు.

పైఅరలో ఉన్న కందుల డబ్బా అందుకుని ఒక్కసారి ఊపి, అవతలి ఊపిరి కోసం ఆగాను.