మైదానానికి మైల

తమిళనాట కోవిల్పట్టి చుట్టుపక్కల ఏ పిల్లవాడి చేతికి కర్ర ఇచ్చినా హాకీ ఆడతాడు. అలాంటి సీమలో ఫుట్‌బాల్ క్లబ్బు పెడతానన్న మనిషిని జనం ఎలా చూస్తారో వేరే చెప్పాలా? నాగలాపురం దాటాక వచ్చే ఒక చిన్న నల్లరేగడి ఊళ్లో తిరుపతిసామి ఆ పనే చేశాడు. "తలా ఒక కర్ర కొనేది ఎవరి వల్ల అవుతాది? బంతి ఒకటుంటే ఊరంతా ఆడొచ్చు" అన్నాడు. ఇంటి ఎదుట, బండిబాటకు అవతల, జొన్న కూడా సరిగ్గా పండని సొంత చేను ఒకటుంది. దాన్ని చదును చేసి, వేపదుంగలు పాతి గోల్ పోస్టులు చేశాడు.

క్లబ్బు మాట వస్తే అందరూ తిరుపతిసామినే తలుచుకుంటారు. ఆయన భార్య అళగమ్మాళ్ ఊసు ఎవరూ ఎత్తరు. నాకు మాత్రం ఆవిడ సంగతే ముందు చెప్పాలనిపిస్తుంది.

మొదట్లో ఆవిడ మొగుణ్ణి తిట్టని రోజు లేదు. చేను పాడుచేశాడని ఒకటే గొణుగుడు. అయితే ఆయన పార కామతో హద్దులు గీస్తుంటే, ఆ వంకర గీతలు చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు పెట్టిన చేయి అది. "లేయ్యా పక్కకి" అని ఆయన్ని గదిమి, చిల్లులు పొడిచిన కొబ్బరిచిప్పలో సున్నప్పొడి పోసుకుని మైదానంలోకి దిగింది. ఆ నల్లని నేల మీద ఆవిడ గీసిన తెల్లగీతలు నాగలాపురం బస్సులో పోయేవాళ్లకి కూడా కనబడేవి. తిరునెల్వేలి నుంచి వచ్చిన రెఫరీ ఒకాయన, ఎవరు గీశారని అడిగి, చెబితే నమ్మలేదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆవిడకి ఈ రోజుకీ తెలియదు. ఆ మాటకొస్తే ఊళ్లో సగం మందికి తెలియదు, తెలిసినట్టు అరుస్తారంతే.

క్లబ్బు అలా మెల్లగా పెరిగింది. జీతం బత్తెం తీసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. బస్సు డ్రైవరొకడు సెలవు రోజుల్లో విజిల్ ఊదేవాడు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్లు ఆట మధ్యలో పిల్లలకని వేరుసెనగ చిక్కీ కట్టి పంపేవారు. ఆ ఆడవాళ్లలో ముత్తుప్పేచ్చి ఒకతె. ఆవిడ కూతురు సంగవి ఒకనాడు అన్న నిక్కరు వేసుకుని మైదానంలోకి వస్తే పెద్దలు ముఖం చిట్లించారు. "గీతలు గీసేది ఆడది. ఆ గీతల్లోపల ఆడపిల్ల ఆడగూడదా?" అంది అళగమ్మాళ్. ఆ సాయంత్రం సంగవి ఆడింది. ఏడాది తిరిగేసరికి ఆడపిల్లల జట్టు తయారైంది.

విరుదునగర్ క్లబ్బు ఆడపిల్లలతో ఏటా ఒక మ్యాచ్ ఉండేది, ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ. ఆ క్లబ్బును నడిపే రామానుజం మరమగ్గాల మనిషి. రెండేళ్లపాటు ఆయనా తిరుపతిసామీ అరవంలోనే మాట్లాడుకున్నారు. ఒకసారి ఖాళీ గోల్ ముందు బంతి పక్కకి పోతే తిరుపతిసామి తన జట్టుని తెలుగులో ఒక తిట్టు తిట్టాడు. అవతలి గట్టు మీద రామానుజం పకపకా నవ్వాడు. ఆయన ఇంట్లోనూ తెలుగే. ఆ రోజు నుంచీ ఇద్దరూ అన్నదమ్ములైపోయారు.

పోయిన చిత్తిర నెల ఎండల్లో గోల్ పోస్టుకి సున్నం వేస్తూ వేస్తూ తిరుపతిసామి గుండె పట్టుకుని కూలబడ్డాడు. కారులో వేసుకుని బయలుదేరారు గాని, కోవిల్పట్టి చేరేలోపే ప్రాణం పోయింది.

చావు జరిగిన ఇంటి ముందు ఏడాది పాటు ముగ్గు పెట్టరు. అళగమ్మాళ్ కూడా పెట్టలేదు. అంతవరకూ అందరికీ తెలిసిన సంగతే. కానీ వాకిట్లో ముగ్గుతో పాటు మైదానంలో గీతలూ ఆగిపోయాయి. ఆపమని ఎవరూ అనలేదు. రెండూ ఆవిడ చేతివే గనక రెండింటికీ మైల ఒకటేనని అటు ఆవిడా ఇటు పిల్లలూ ఎవరికి వాళ్లే అనుకున్నారు.

ఆవిడ మాత్రం సాయంత్రం కాగానే గడపలో కూర్చుని మైదానం వైపు చూసేది. గీతల్లేకపోతే పోనీ, ఊరికే బంతి తన్నుకోవడానికైనా ఒక్క పిల్ల రాదేమా అని ఎదురుచూసేది. ఎవరూ వచ్చేవారు కారు. వానలు పడ్డాయి, నేల జిగురై మళ్లీ ఎండి నెర్రెలిచ్చింది, సర్కారు తుమ్మ మొలిచింది. మనిషి పోగానే మరిచిపోయారు, ఇంతేనా వీళ్ల ప్రేమ అని ఆవిడ తనలో తాను తిట్టుకునేది. అయినా నోరు విడిచి అడగలేదు. పిల్లలేమో చావింటికి బంతి చప్పుడు వినబడితే పాపమని బాట మార్చి చుట్టూ తిరిగి పోయేవారు. మర్యాద మంచిదే, కాదనను. కానీ ఇంత మర్యాద చేసుకుంటే ఏ పని బతుకుతుంది?

మార్గళి నెల, అంటే ధనుర్మాసం, వచ్చింది. ఊరంతా వాకిళ్ల నిండా పెద్దపెద్ద ముగ్గులు, ఆవిడ వాకిలి ఒక్కటే బోసిగా ఉంది. ఒక పొద్దున రామానుజం వచ్చాడు. బస్సు దిగినచోట కలిసిన సంగవి కూడా వెంట వచ్చింది.

"సెల్లెమ్మా, ఈ వరిసం ఆట్టం ఈడ పెట్టాల్సింది. మేమే మా ఊర్లో పెట్టుకుంటాము. నీకు సెప్పిపోదామని వస్తిని" అన్నాడాయన.

"ఏమిటికి? నా ఇంట్లో సావైతే ఆట్టం నిలిపేదెందుకు?"

రామానుజం తెల్లబోయాడు. "నువ్వే గదమ్మా వద్దంటివి?"

"నేనెప్పుడంటిని?"

ఆయన సంగవి వైపు చూశాడు. ఆ పిల్ల తల వంచుకుంది. "నువ్వు సెప్పలే పెద్దమ్మా. మేమే అనుకొంటిమి. నువ్వు ముగ్గు పెట్టేదాకా ఆ నేల మీద బంతి తన్నగూడదని."

"దినమూ గడపలో కూసోని సూస్తా ఉంటిని గదే! ఒక్కరన్నా వచ్చి అడిగితిరా?"

"నువ్వు పిలుస్తావని మేము సూస్తా ఉంటిమి" అంటూ సంగవి ఏడ్చేసింది.

రామానుజం గొంతు తగ్గించాడు. "ఇంగ ఇట్లే ఉంటే క్లబ్బు మిగల్దు సెల్లెమ్మా. గోల్ కాడ నిలబడే పిల్ల కోవిల్పట్టి వాళ్ల జట్టు కిట్ట చేరిపోయింది. తక్కినోళ్లూ పోతారు. వాళ్లని తప్పు పట్టలేము. వయసు ఆగుతాదా?"

అళగమ్మాళ్ లేచి తుమ్మ మొలిచిన మైదానం వైపు చూసింది. తర్వాత "వచ్చే ఆదివారం ఈడనే పెట్టండి" అంది.

అనైతే అంది గాని, వాళ్లు వెళ్లిపోయాక సున్నం డబ్బా ముట్టబుద్ధి కాలేదు. ఇంట్లో ఆయన చొక్కా ఉంది, పటం ఉంది. కానీ ఆ మనిషి నిజంగా బతికింది ఆ చేలోనే. అది బీడుగా పడి ఉన్నంత కాలం ఆయన కోసం నేల కూడా దుఃఖిస్తోందని ఆవిడకి ఏదో ఊరట. సున్నం పడిన మరుక్షణం అక్కడ వేరేవాళ్లు పరిగెడతారు, ఆయన లేకుండానే ఆట సాగిపోతుంది. సాగిపోవాలనే ఆవిడ కోరుకుంది. అదే సమయంలో, సాగకూడదనీ కోరుకుంది. మనసు అట్లాంటిది, దాన్ని ఏమనగలం.

కబురు తెలిసి పిల్లలు, తల్లులు కొడవళ్లతో వచ్చి రెండు రోజుల్లో తుమ్మ కొట్టేశారు. ఆదివారం తెల్లవారగానే అళగమ్మాళ్ సున్నప్పొడి డబ్బా తీసుకుని గడప దాటింది. బాట మీద ముత్తుప్పేచ్చి ఎదురైంది.

"వదినా, ఏడాది నిండలే. ఊరు ఏమంటాదో?"

"నా వాకిట్లో పెట్టలేదు గదా. నిండేదాకా పెట్టను. ఇంటికి మైల ఉండనీ, నేను పడతాను. పిల్లోళ్లు ఆడే నేలకి మైలేమి?"

ముత్తుప్పేచ్చి డబ్బా అందుకుని వెంట నడిచింది. అళగమ్మాళ్ కొబ్బరిచిప్ప నింపుకుని వంగి గీత మొదలుపెట్టింది. ఆయన కూలబడిన చోటు దగ్గరికి వచ్చేసరికి నడుము పట్టేసినట్టు ఆగిపోయింది. ఆ మట్టిని ఒకసారి అరచేత్తో తాకి మళ్లీ కదిలింది. ఈసారి గీత కాస్త వంకర పోయింది, ఆవిడ దిద్దలేదు.

పది గంటలకల్లా విరుదునగర్ పిల్లలు వ్యాను దిగారు. కోవిల్పట్టికి పోయిన గోల్‌కీపర్ పిల్ల కూడా వచ్చి గట్టు మీద నిలబడింది. సంగవి ఆ పిల్లని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. జట్లు బారులు తీరాక రామానుజం ముందుకొచ్చి అరవంలో చెప్పాడు. "ఆట మొదలయ్యే ముందు మన తిరుపతిసామి అన్న కోసం ఒక్క నిమిషం అందరం మౌనంగా నిలబడదాం."

అందరూ తలలు వంచారు. చప్పుడు ఆగిపోయింది. ఎనిమిది నెలలుగా ఆ గడపలో కూర్చుని ఆవిడ విన్న నిశ్శబ్దమే అది.

"వద్దు" అంది అళగమ్మాళ్. గట్టిగానే అంది. అందరూ తలెత్తి చూశారు.

"ఆయన కోసం నిలబడింది సాలు. ఇన్ని నెలలు నిలబడితిరి. ఇంగ పరిగెత్తండి."

రెఫరీ ఏం చెయ్యాలో తోచక రామానుజం వైపు చూశాడు. రామానుజం కళ్లు తుడుచుకుని తల ఊపాడు. విజిల్ మోగింది. సంగవి బంతిని ముందుకు తన్నింది, పిల్లలంతా దాని వెంట పడ్డారు. అళగమ్మాళ్ గీత బయట నేల మీద చతికిలబడి, కొంగు అడ్డం పెట్టుకోకుండా, అందరి ముందూ భోరున ఏడ్చింది. ఆట మాత్రం ఎవరూ ఆపలేదు.