వెనక్కి మర్లని ఫౌజు

ఎదురింట్లో ఇవాళ నూలుకు రంగు వేస్తున్నారు. కాగుతున్న రంగునీళ్ళ ఘాటు వాసన కిటికీలోంచి వచ్చి నేను చదువుతున్న పుస్తకం మీద కూర్చుంది. ఈ వాసన తగిలితే చాలు, నాకు హర్మన్ గుర్తుకొస్తాడు. అతని చొక్కాలకు, చేతులకు, చివరికి అతడు తాగే చాయకు కూడా ఇదే వాసన ఉండేది. జర్మనీ మనిషి ఒకడు మా నారాయణపేటలో ఉండేవాడని, ఒక సంస్థానంలో సిపాయిగా చేశాడని చెబితే, ఈ ముసలాయన మళ్ళీ ఏదో పుస్తకంలో చదివింది చెబుతున్నాడని మా వీధివాళ్ళు అనుకుంటారు.

నిజాం కాలం. రెండో ప్రపంచ యుద్ధానికి నాలుగైదేళ్ళ ముందు హర్మన్ రంగుల డబ్బాలు అమ్మే కంపెనీ తరఫున మా ఊరికి వచ్చి, మా ఇంట్లోనే ఒక గది కిరాయికి తీసుకున్నాడు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు, అతనికి ముప్పై. తెలుగు మా అవ్వ దగ్గర నేర్చుకోవడం వల్ల, ఆరడుగుల ఆ మనిషి అచ్చం ముసలమ్మలా మాట్లాడేవాడు. "ఓ అవ్వో, నడుం గుంజుతాందే" అంటూ అరుగు మీద కూలబడేవాడు.

తరువాత కంపెనీ మా వైపు వ్యాపారం ఎత్తేసింది. పని లేని పరదేశి తిరిగి వెళ్ళిపోవాలని సర్కారు నుంచి కబురొచ్చింది.

"మా దేశంల ఇంటింటికొచ్చి సిపాయిల జేస్తున్నరు తమ్మీ. తుపాకి జూస్తెనే నేను ఆమడ దూరం ఉరుకుత. గీడనే ఏదన్న పని జూడు," అన్నాడు హర్మన్.

చూశాను. గడీలో ఏదైనా రాత పని దొరుకుతుందేమోనని దగ్గరి సంస్థానం దొర దగ్గరికి తీసుకెళ్ళాను. దొర అతణ్ణి కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏ దేశమయ్యా నీది?"

"జర్మనీ, దొరా."

"జర్మనీయా! మరి గిన్నొద్దులు ఏడున్నవయ్యా? మా కొత్త ఫౌజుకు కవాతు నువ్వే నేర్పాలె. దసర నాడు నేను జూస్త. మంచిగుంటె నౌకరి ఖాయం. లేకుంటె నీ తొవ్వ నువ్వు వట్టు."

జర్మన్లు తల్లి కడుపులోంచే కవాతు చేస్తూ బయటికి వస్తారని దొర నమ్మకం. గడీ దాటాక హర్మన్ ముఖం చూస్తే రంగు వెలిసిన నూలులా ఉంది.

"నీకు కవాతు వస్తదా అన్నా?" అని అడిగాను.

"తెల్వది," అన్నాడు. నా చెయ్యి పట్టుకొని, "నేర్సుకుంట. ఎవరు నేర్పుతరు?" అన్నాడు.

నేనే నేర్పాను. నవ్వకండి. మా గ్రంథాలయంలోని పుస్తకాలన్నీ, చెదలు తిన్నవాటితో సహా, చదివినవాణ్ణి నేను. కవాతు గురించి అక్కడ ఒక ఉర్దూ పుస్తకం ఉండేది. దాంట్లో నిలబడడం, నడవడం, ఆగడం మిగిలాయి. పక్కకూ వెనక్కూ తిరగడం చెదల కడుపులోకి పోయాయి. ఆ మిగిలినదాంతోనే, మా పెరట్లో, ఒక నేతగాడి కొడుకు ఒక జర్మన్‌కు జర్మన్ సిపాయిలా నడవడం నేర్పాడు. తుపాకి బదులు చీపురు. అవ్వ మా వెంటపడి, "వాకిలి ఊడ్సేదుంది, నా చీపురియ్యి బిడ్డా," అని అతని భుజం మీద నుంచి గుంజుకునేది.

ఫౌజంటే ఇరవై మంది. సగం నేతవాళ్ళు, సగం కూలీలు. ఎడమ అంటే ఒకడి కుడికాలు లేచేది, కుడి అంటే ఇంకొకడు కూర్చునేవాడు. హర్మన్ తల పట్టుకుంటే అవ్వే ఉపాయం చెప్పింది: "మగ్గం కాడ మనోళ్ల కాళ్లు ఎన్నడన్న తప్పుతయా? గట్ల తొక్కుమను." హర్మన్ మగ్గం చప్పుడును నోటితో పలికాడు: టక్కు, టక్కు. నేతవాళ్ళ కాళ్ళు కలిశాయి. వాళ్ళ మధ్య నిలబెట్టేసరికి కూలీల కాళ్ళూ దారికొచ్చాయి.

దసరా నాడు గడీ ముందర మైదానంలో ఈ చివర నుంచి ఆ చివర దర్వాజా దాకా నడిచి ఆగిపోవాలన్నది మా ఎత్తుగడ. అంతకుమించి మాకు రాదు. టక్కు, టక్కు. ఇరవై మంది ఒక్క మగ్గంలా కదిలారు. దొర మురిసిపోయి కుర్చీలోంచి లేచాడు.

"శభాష్! ఇగ ఇటు మర్లియ్యి, ఇంకొక్కపారి జూస్త!"

మర్లడం, అంటే వెనక్కి తిరగడం, చెదలు తిన్న పేజీల్లో పోయింది. ఆ గాబరాలో హర్మన్ ఆగమనడం కూడా మరిచిపోయాడు. ఫౌజు దర్వాజా దాటి నేరుగా మిర్చి బజారులోకి వెళ్ళిపోయింది. కాసేపటికి అటువైపు నుంచి తుమ్ములు వినిపించాయి, అవి కూడా ఒకే తాళంలో.

"ఏమయ్యా, మర్లియ్యమంటె పోతనే ఉన్నరేంది?" దొర కళ్ళు ఎర్రబడ్డాయి.

హర్మన్ ఇక్కడ ఉంటాడో ఓడ ఎక్కుతాడో అంతా ఆ జవాబులోనే ఉంది. అతడు మడమలు దగ్గరికి చేర్చి నిటారుగా నిలబడ్డాడు.

"మర్లరు దొరా. నేను నేర్పిన ఫౌజు ఎనుకకు మర్లదు."

దొర మీసం మెల్లగా కదిలింది.

"ఇన్నరా! జర్మనీ కవాతంటె గిట్లుంటది! మన పాత ఫౌజు మర్లుడు తప్ప ఇంకోటి నేర్సిందా?"

నౌకరీ ఖాయమైంది. తుపాకి చూస్తే ఆమడ దూరం ఉరికే మనిషి ఆ సాయంత్రమే సిపాయి అయ్యాడు. ఫౌజును వెతుక్కుంటూ నేను సైకిల్ మీద వెళ్ళాను. కల్లు దుకాణం ముందు వాళ్ళంతట వాళ్ళే ఆగారు.

యుద్ధం వచ్చాక, శత్రుదేశం వాళ్ళంటూ జర్మన్లను క్యాంపుల్లో పెట్టడానికి పట్టుకుపోవడం మొదలైంది. లారీతో వచ్చిన పోలీసుల దారికి అవ్వ అడ్డం నిలబడింది. "గీన జర్మనోడు గాదయ్యా, మా కిరాయోడు!" అని వాదించింది. లారీ ఎక్కబోతూ హర్మన్ వెనక్కి తిరిగి మా వైపు చూశాడు.

"ఏందన్నా, ఎనుకకు మర్లినవు?" అన్నాను. అతడు నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

యుద్ధం ముగిశాక ఒక మధ్యాహ్నం, సగానికి సగం చిక్కిపోయి, మా వాకిట్లో నిలబడ్డాడు. అవ్వ ఏడుస్తూ జొన్నరొట్టె పెడితే కూర్చోను కూడా లేదు.

"తమ్మీ, ఆ క్యాంపుల అసలు సిపాయిలున్నరు. చెదలు తిన్నదంత నేర్సుకొని వచ్చిన. సూడు!"

చీపురు భుజాన వేసుకొని, మా పెరట్లో ఎడమకు తిరిగాడు, కుడికి తిరిగాడు, గిర్రున వెనక్కి తిరిగి మా ఎదుట నిలబడ్డాడు. ఆ రోజు అవ్వ చీపురు అడగలేదు.

కొద్దికాలానికే సంస్థానం పోయింది, ఫౌజూ పోయింది. హర్మన్ నేర్చుకొచ్చిన ఆ తిరగడాన్ని దొర చూడనేలేదు. హర్మన్ మాత్రం బతికినన్నాళ్ళూ మా వీధిలోనే నూలుకు రంగులు వేసుకుంటూ ఉండిపోయాడు.

ఎదురింటి పిల్ల కిటికీలోంచి అడుగుతోంది: "తాతా, గీ రంగు ఎట్ల జేసిన్నో చెప్పు జూద్దాం! నీకన్ని తెలుస్తయి గద!"

ఎన్నో పుస్తకాలు చదివిన నోటితో చెప్పడానికి నా దగ్గరున్నది ఒకటే, ఆనాడు గడీ దాటాక హర్మన్ అన్న మాట. పుస్తకం మూసి, చెప్పులు తొడుక్కున్నాను.

"తెల్వది బిడ్డా. వస్తున్న, నేర్పుతవా?"