వేరే డబ్బా లేని ఆదివారం

అక్టోబరు పన్నెండు, ఆదివారం. నలభై నాలుగు బంగాళాదుంప కట్‌లెట్లు. పదకొండు మందికి తలా నాలుగు. తెల్లవారుజామున నాలుగున్నరకు పొయ్యి వెలిగించిన ఆమె చివరి వాయి తీసేసరికి ఏడయింది.

కుట్టు కార్ఖానాలో పద్నాలుగేళ్లుగా చొక్కాలకు కాజాలు వేస్తున్నందువల్ల అందరూ ఆమెను కాజాలక్క అంటారు. ముందురోజు శనివారమంతా ఆ మిషను మీదే వంగి ఉండడంతో మెడ పట్టేసింది. పెనం మీదికి వంగినప్పుడల్లా ఆ నొప్పి భుజందాకా పాకుతోంది.

కూతురు చిట్టికి తొమ్మిదేళ్లు. గోధుమ దాని పేగుకు పడదని డాక్టరు తేల్చి రెండేళ్లయింది. పిండి నలుసు తగిలినా నాలుగు రోజులు కడుపు పట్టుకుని ముడుచుకుపోతుంది. అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా చిట్టికి వేరే డబ్బా, వేరే చెంచా, అందరికీ కాస్త ఎడంగా వేరే చోటు. జలాశయం పక్కనున్న తోటకు అందరం కలిసి వెళదామని ఆడపడుచు ఫోను చేసిన రోజున ఆ పిల్ల ఒక్కటే అడిగింది.

"ఈసారి నాకు వేరే డబ్బా వద్దమ్మా. అందరూ తినే దాంట్లోంచే తింటా."

"అయితే అందరూ నీ తిండే తింటార్లే," అంది కాజాలక్క.

అనడం సులువే. జల్లెడ నుంచి గరిటె దాకా అన్నీ మళ్లీ తోమింది. కట్‌లెట్లను రొట్టె పొడికి బదులు బియ్యప్పిండిలో దొర్లించింది. అన్నం కలిపింది, గుడ్లు ఉడికించి పెంకులతోనే ఉంచింది, అరటిపళ్లు పెట్టింది. ఇంట్లో బిస్కెట్ ముక్క కూడా లేకుండా చూసింది.

రెండు వీధుల అవతల పెద్దకొడుకు దగ్గరుండే అత్తగారు ఏడున్నరకు చేతిసంచీతో దిగింది.

"ఏమిటమ్మా ఆ కళ్లు? నిప్పుల్లా ఉన్నాయి. లే, వెళ్లి స్నానం చెయ్యి. నేను సర్దుతాను."

"వద్దత్తయ్యా, నేను..."

"డబ్బాలు సర్దడం నాకు నువ్వు నేర్పుతావా? మీ మామయ్యకి ముప్పై ఏళ్లు కట్టాను."

రెండేళ్లుగా కాజాలక్క ఆ పని ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆవేళ కాళ్లు మాట వినలేదు. "సరే" అని స్నానాల గదిలోకి వెళ్లి, బకెట్ నిండేదాకా గోడకు ఆనుకుని నిలబడింది.

తోటలో చెట్ల నీడన రెండు దుప్పట్లు పరిచారు. డబ్బాలన్నీ నడుమ పెట్టారు. పిల్లలు మోకాళ్ల మీద ముందుకు తోసుకుంటుంటే చిట్టి కూడా వాళ్ల మధ్యనే మోచేతులతో పొడుస్తూ చోటు చేసుకుంది. ఆ దృశ్యం చూసి కాజాలక్క రెండు రోజుల తర్వాత మొదటిసారి కాళ్లు చాపుకుంది.

అందరికన్నా ముందు చిట్టి చెయ్యే డబ్బాలో పడింది. కట్‌లెట్ నోటిదాకా వెళ్లి ఆగింది. అలవాటుగా దాన్ని తిరగేసి చూసింది. అడుగున తెల్లటి మెత్తటి తునకలు అంటుకుని ఉన్నాయి. చప్పుడు చెయ్యకుండా దాన్ని ఆడపడుచు కొడుకు పళ్లెంలో పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది.

"నాకు ఆకలిగా లేదమ్మా."

కాజాలక్క డబ్బా దగ్గరికి లాక్కుని చూసింది. ప్రతి వరస కిందా ఒక రొట్టె ముక్క. రెండో డబ్బాలోనూ అంతే.

"అత్తయ్యా, ఈ రొట్టె ఎక్కడిది?"

"నా సంచీలోదేనమ్మా. నూనె పీల్చుకుంటుందని కింద పరిచాను. మీ మామయ్య డబ్బాకి ఎప్పుడూ అలాగే..."

"రొట్టె గోధుమే కదత్తయ్యా."

"దాన్ని తినమన్నానా? పరిచానంతే! తీసి పారేస్తే పోదూ?"

"అమ్మా, నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది ఆడపడుచు.

"అయితే చిట్టి నాలుగూ నాకే!" అన్నాడు ఆమె కొడుకు. వాళ్లమ్మ వాడి నెత్తిన ఒకటి వేసింది.

అత్తగారి ముఖం చిన్నబోయింది. కడిగేయడానికి కాజాలక్క దగ్గర కావలసినన్ని మాటలున్నాయి. కానీ సర్దనిచ్చింది తనే. ఇంటినుంచి విడిగా ఏమీ తేకూడదని నిర్ణయించిందీ తనే. అన్నం డబ్బాలో చెంచా వేయబోయి, ఏ చేత్తో సర్దారో గుర్తొచ్చి మూత పెట్టేసింది. ఉడికిన గుడ్లు రెండు తెచ్చి, పెంకులు కడిగి, తనే ఒలిచి ఇచ్చింది. అరటిపండు తోడైంది.

చిట్టి ఎడంగా వెళ్లలేదు. ఆ గుంపులోనే కూర్చుని, మిగిలినవాళ్లు తినడం పూర్తయ్యేదాకా సరిపోయేలా, రెండు గుడ్లనూ గోరంత గోరంత కొరుకుతూ తింది. తిరుగు బస్సులో తల్లి ఒళ్లో తలపెట్టుకుని అంది: "బావుందమ్మా ఇవాళ."

మరుసటి వారం మూడు రోజులు అత్తగారి నుంచి ఉలుకూ పలుకూ లేదు. బుధవారం సాయంత్రం కాజాలక్క పనినుంచి వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఏది ముట్టుకోకూడదో మొదటినుంచీ చెప్పు."

పడుకోవాలని వచ్చిన మనిషి చెప్పులైనా విప్పకుండా గంటసేపు చెప్పింది. జల్లెడ, చేతిగుడ్డ, పిండి కలిపిన చెయ్యి.

"చెయ్యి కడుక్కుంటే చాలదూ?"

"సబ్బుతో కడగాలత్తయ్యా."

"ఇన్నాళ్లూ నేనేమన్నా బూడిదతో కడిగానా?"

శనివారం ఆవిడ కొత్త గిన్నెలో అన్నం, దుంపకూర వండి తెచ్చింది. చిట్టి పళ్లెం పట్టుకుని నిలబడింది గానీ ముందుకు చాపలేదు.

"నానమ్మా, అడుగున ఏముంది?"

ముసలావిడ గిన్నెను పెద్ద పళ్లెంలో బోర్లించి, ఖాళీ అడుగు మనవరాలి ముఖం ముందు పెట్టింది. చిట్టి ఆవిడ పక్కనే చతికిలబడింది. ఇద్దరూ ఒకే పళ్లెంలో తినడం మొదలుపెట్టారు.

సగం పళ్లెందాకా కాజాలక్క ప్రతి ముద్దనూ కనిపెట్టి చూసింది. ఆ తర్వాత గోడకు చేరబడ్డ మనిషి, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది.