ఇంక పదండి

ఫోన్ ‘టింగ్’మంటే ఇప్పటికీ నా వేళ్ళకంటే ముందు పెదవులు కదులుతాయి. ఏ మెసేజైనా పైకి చదవనిదే జవాబివ్వను. స్టాఫ్‌రూమ్‌లో తోటి టీచర్లు నవ్వుతారు. నవ్వనీ. ఇది చిలకలగూడలో మాకు కంప్యూటర్ కోర్సు చెప్పిన అనసూయ మేడమ్ నేర్పిన అలవాటు.

సికింద్రాబాద్‌లో ప్రతి మేడ మీదా సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు వెలిసిన రోజులవి. మా కుటుంబం విజయనగరం నుంచి వచ్చి ఏడాదే. ప్రాజెక్టులో నాకు జత మౌలాలి అమ్మాయి స్వప్న. పరిచయం కొత్త కనుక ఆమెను ‘మీరు’ అనేదాన్ని. డెమో రిహార్సల్లో తను రాసిన ప్రోగ్రామ్ అందరిముందూ ఆగిపోయింది. ఇంటికెళ్ళి మా బ్యాచ్ ఇంటర్నెట్ గ్రూపులో ‘మొత్తం మళ్ళీ రాయాలి’ అని పెట్టింది. ‘ఇంక పదండి’ అని నేను హుషారుగా కొట్టాను. అప్పట్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసేవాళ్ళం. ‘ద’కీ ‘డ’కీ ఒకటే అక్షరం. అందరూ దాన్ని ‘ఇంక పడండి’ అని చదువుకుని, కింద వరసగా నవ్వు బొమ్మలు పెట్టారు. అవి నా హుషారుకే అనుకున్నాను. స్వప్న క్లాసుకి రావడం మానేసింది. ఫైనల్ డెమోకి పది రోజులే ఉంది. తను లేకపోతే ఇద్దరికీ సర్టిఫికెట్ రాదు. నేనేం తప్పు చేశానో తెలియక, ఆమెకే పొగరనుకుని మండిపడ్డాను.

మేడమ్ మౌలాలి వెళ్ళి స్వప్నను వెంటబెట్టుకొచ్చారు. ల్యాబ్‌లో మా ఇద్దరినీ ఒకే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

“ఆమె రాసింది జెర పైకి సదువు బిడ్డా,” అన్నారు స్వప్నతో.

“ఇంక పడండి,” అంది స్వప్న.

“ఇప్పుడు నువ్వు సదువు.”

“ఇంక పదండి,” అన్నాను. చదువుతుండగానే నాకు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. స్వప్న నావైపు తిరిగి, “గీ ముక్కకు నేను నాలుగు రోజులు ఏడ్సిన,” అంది. ముగ్గురం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం.

“మెషిన్‌కు గొంతు లేదు. మీకున్నది గద, వాడుకోండ్రి,” అన్నారు మేడమ్.

పాత ప్రాజెక్టును పక్కన పడేశాం. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెరమీద తెలుగు కనబడే ప్రోగ్రామ్ మొదలుపెట్టాం. చిన్నక్షరం కొడితే ‘ద’, పెద్దక్షరం కొడితే ‘డ’. డెమో రోజున పరీక్షించడానికి వచ్చినాయన రెండూ కొట్టి చూశారు. రెండూ సరిగ్గా వచ్చాయి. ‘ఇంక పదండి’ అని తెర మీద తెలుగులో కనబడగానే, నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళే లేచి చప్పట్లు కొట్టారు. ఆ గర్వం నాకు ఇవాళ్టికీ తగ్గలేదు.

ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో పాఠాలు చెబుతున్నాను. ఫోన్‌లో గొడవపడి మొహాలు తిప్పుకున్న పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెట్టి ఆ మెసేజ్‌లు పైకి చదివిస్తాను. క్షమాపణ కావలసి వస్తే అదీ నోటితోనే చెప్పిస్తాను.

ఇవాళ టింగుమన్నది స్వప్న మెసేజే. ‘ఆదివారం మేడమ్ ఇంటికి. ఇంక పడండి.’ కావాలనే పెద్దక్షరం కొట్టింది. పైకి చదివి, ‘పడుతున్నా’ అని జవాబిచ్చాను.