టీచరు గారి రెండో విమానం

మా భీమవరం వైపు మనిషిని చంపడానికి కత్తి అక్కర్లేదు, మర్యాద చాలు. నా మొదటి విమానం అలాగే పోయింది.

విమానమంటే రిమోటుతో ఎగరేసే థర్మకోల్ విమానం. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. గాలి రెక్కను ఎలా మోస్తుందో పదో తరగతికి చూపిద్దామని కొన్నాను. పాఠం అయిపోయింది, పిచ్చి మిగిలింది. యాభైకి దగ్గరపడ్డ ఆడమనిషి ఆదివారం పొద్దున్నే, చర్చికి వెళ్లే ముందు, చేలో విమానం పట్టుకుని నిలబడితే ఊరు ఏమంటుందో అదంతా అంది. నేను వినలేదు.

ఊళ్లో ఈ పిచ్చి ఉన్నవాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురున్నారు. మేం ఎగరేసేది ఒక పెద్దాయన పొలంలో. దాళ్వా వరి కోతలయ్యాక ధాన్యం ఆరబోసిన కళ్లం చదునుగా ఉంటుంది, అదే మా రన్‌వే. పక్కనే ఆయన రొయ్యల చెరువులు, కొంగలు దిగకుండా వాటి మీద అడ్డంగా కట్టిన తాళ్లు. పొలం తనదైతే పైనున్న గాలీ తనదే అన్నట్టు ఉంటారాయన. ఆయన వెంట ఎప్పుడూ ఓ నలుగురు రైతులు. ఆయన నవ్వితే నవ్వుతారు, ఆయన ఊరుకుంటే ఊరుకుంటారు.

అప్పటికి నాకు విమానాన్ని పైకి ఎక్కించడం వచ్చింది, తిప్పడం వచ్చింది, దించడం మాత్రం రాలేదు. ప్రతిసారీ వెళ్లి వరి మోళ్లలో బోర్లా పడేది. ఒక్కసారి, నా చేత్తో, చక్రాల మీద దించాలి. నాకున్న కోరికల్లా అదే. ఆ పొద్దున గాలి లేదు. దించుదామని విమానాన్ని కళ్లం వైపు తిప్పాను. పెద్దాయన నా పక్కకి వచ్చి రిమోటు కోసం చెయ్యి చాపారు.

"ఇలా ఇవ్వండి టీచరు గారూ, నేను దించి ఇస్తాను. మీకెందుకండీ శ్రమ?"

ఇచ్చేశాను. పెద్దమనిషి చెయ్యి చాపితే మా వైపు ఇవ్వకుండా ఉండరు, అది కుర్చీ అయినా, గాల్లో ఉన్న విమానమైనా. "అయ్యో, తీసుకోండి" అని నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మనకి ఎదురుగా వచ్చే విమానానికి కుడి ఎడమలు తారుమారవుతాయి. ఈ సంగతి ఆయనకి తెలియదు, తెలియదని ఒప్పుకునే అలవాటు అంతకన్నా లేదు. విమానం కొంగల తాళ్లకి తగిలి, రెక్క విరిగి, చెరువులో పడింది.

నలుగురిలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "విమానం మంచిది కాదండీ."

"ఆయ్, మంచిది కాదండీ" అన్నారు మిగతా ముగ్గురూ.

ఆడలేక మద్దెల ఓడన్న సామెత వాళ్లకి రాక కాదు. ఆడేది ఎవరో చూసుకుని మరిచిపోతారంతే. మర్నాడు పెద్దాయన దగ్గర్నుంచి మా ఇంటికి ఆత్రేయపురం పూతరేకుల డబ్బా వచ్చింది. పొరపాటైందన్న ముక్క మాత్రం ఏ పొరలోనూ లేదు. పూతరేకులు బాగానే ఉన్నాయి, అన్నీ నేనే తిన్నాను.

ఇక రెండో విమానం ఏది కొనాలన్న దాని మీద సలహాలు మొదలయ్యాయి. చక్రాలు లోపలికి ముడుచుకునే యుద్ధవిమానం కొనమన్నాడొకాయన. ఆయన యుద్ధవిమానం ఒక్కసారే ఎగిరింది, ఇప్పుడు హాల్లో టీవీ పైన వేలాడుతోంది. ఇంకొకాయన జెట్ అన్నాడు. ఆయన జెట్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. దించడమే రాని నాకు జెట్! తా దూర కంత లేదు, మెడకో డోలు. అయినా ఒక రాత్రంతా ఫోనులో ఆ యుద్ధవిమానాన్నే చూశానని ఒప్పుకోవాలి. అది పట్టుకుని వెళితే పెద్దాయన ఎదుట కాస్త తలెత్తుకోవచ్చని ఆశ పుట్టింది. తెల్లారాక నా మీద నాకే రోత కలిగింది.

చివరికి మొదటిదానికి అక్కలాంటిదే కొన్నాను. రెక్క పైనే ఉంటుంది, నెమ్మదిగా పోతుంది. కొత్తగా వచ్చిందల్లా రెక్క చివర కదిలే పలకలు, అవి ఉంటే విమానాన్ని పక్కకి ఒరిగించి తిప్పవచ్చు. నేర్చుకోవలసిన తర్వాతి పాఠం అదే. కళ్లంలో పెట్టగానే నలుగురూ చుట్టూ చేరారు.

"మళ్లీ ఇలాంటిదేనా అండీ? ఇదేంటి, పిల్లల సైకిలుకి పక్క చక్రాలున్నట్టు!"

పెద్దాయన మాత్రం ఏమీ అనకుండా వచ్చి చెయ్యి చాపారు. "ఇలా ఇవ్వండి. కొత్తది కదా, ముందు నేను చూసి ఇస్తాను."

నా చెయ్యి సగం దూరం వెళ్లింది కూడా. సిగ్గులేని చెయ్యి. దాన్ని వెనక్కి లాక్కున్నాను.

"లేదండీ. ఇవాళ నేనే ఎగరేసుకుంటాను."

పాతికేళ్లుగా క్లాసులో అరిచే గొంతు ఆ ఒక్క మాటకి వణికింది. పెద్దాయన చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత మీసం దగ్గరికి వెళ్లింది. నలుగురూ చెరువుల వైపు చూడసాగారు. నేను విమానాన్ని ఎక్కించాను. మూడు చుట్లు తిప్పాను. ఎదురుగా వచ్చేటప్పుడు కుడిని ఎడమగా తలుచుకుంటూ, మోటారు జోరు తగ్గిస్తూ కిందికి తెచ్చాను. ఒకసారి ఎగిరిపడి, రెండోసారి నేల పట్టుకుని, కళ్లం చివర రెండు చక్రాల మీదా ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాళ్లకి కనపడకుండా అటు తిరిగి తుడుచుకున్నాను.

పెద్దాయన విమానం దగ్గరికి నడిచి, వంగి రెక్క మీద రెండు వేళ్లతో తట్టారు.

"విమానం మంచిదండీ" అన్నారు.

"ఆయ్, విమానం మంచిదండీ" అన్నారు నలుగురూ.