ఒట్టు తీసి గట్టు మీద

నిన్న చిలకలగూడలో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే, సందు మొదట్లో పంక్చర్ షాపతను ట్యూబుకు సొల్యూషన్ రాస్తున్నాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే కాళ్ళు ఆగిపోయాయి. రాష్ట్రం ఒక్కటిగా ఉన్న రోజుల్లో, సికింద్రాబాదులో ఒక ఆస్పత్రి వెనుక గదిలోకి ఈ వాసన బట్టలకు పట్టించుకుని పిల్లలు వచ్చేవారు. మత్తుకు అలవాటుపడిన పదిహేను, పదహారేళ్ళ వాళ్ళు. వాళ్ళను ఎలా చూడాలో మాలాంటి చిన్న డాక్టర్లకు నేర్పింది డాక్టర్ సుగుణకుమారి గారు. ఆ గది శుక్రవారాలు నడిచేదని మా బ్యాచ్‌లో ఒకరిద్దరు ఇప్పటికీ వాదిస్తారు. కాదు, మంగళవారాలు. శుక్రవారం ఆవిడ చర్చిలో ఉపవాస ప్రార్థనకు వెళ్ళేవారు.

ఆవిడ గుంటూరు వైపు మనిషి. మాకు పాఠం చెప్పే తీరు వేరు. తానే పదహారేళ్ళ మొండి పిల్లాడిలా తల వంచుకుని కూర్చునేవారు, మేము ప్రశ్నలు అడగాలి. మొదటిరోజు నేను, "ఎందుకు పీలుస్తున్నావు? ఎవరు నేర్పారు? డబ్బులెక్కడివి?" అని గుక్క తిప్పుకోకుండా అడిగాను. ఆవిడ తలెత్తి, "ఏమ్మా శారదా, నీకు వైద్యం చెయ్యాలనుందా, వాంగ్మూలం రాసుకోవాలనుందా?" అన్నారు. అందరూ నవ్వారు. "అన్నం తిన్నావా అని అడుగు. నిద్ర పడుతోందా అడుగు. మిగతాది వాడే చెప్తాడు. చెప్పేదాకా ఆగడం రాకపోతే ఈ పనికి రాకు" అన్నారు. చదువులో ఎప్పుడూ మాట పడని నాకు ఆ రాత్రి కోపంతో అన్నం సహించలేదు. మర్నాడు మాత్రం ఆగడం మొదలుపెట్టాను.

లాలాగూడ నుంచి యాదగిరిని వాళ్ళమ్మ అంజమ్మ తీసుకొచ్చింది. గుడ్డలో సొల్యూషన్ పోసుకుని పీల్చేవాడు. మాటలు తడబడేవి, చేతులు వణికేవి. కొన్ని వారాలకు నోరు విప్పాడు. పీల్చిన రోజు పీల్చానని చెప్పే దాకా వచ్చాడు. అంతలో ఒక మంగళవారం అంజమ్మ కొడుకును వెంటబెట్టుకుని వెలిగిపోతూ వచ్చింది. "ఇగ ఫికర్ లేదు డాక్టరమ్మా. నిన్న నా నెత్తి మీద చెయ్యి పెట్టిచ్చి ఒట్టేయించిన. సచ్చినా ముట్టడు" అంది. నాకు సంతోషమేసింది. సుగుణకుమారి గారి ముఖం మాత్రం వాడిపోయింది. వాళ్ళు వెళ్ళాక, "ఇక వాడు రాడు శారదా. ఈ అలవాటు ఒక్కసారితో పోదు, మళ్ళీ ముట్టుకుంటాడు. ముట్టుకుంటే తల్లి చచ్చిపోతుందని భయం. ఆ మాట వచ్చి ఎవరితో చెప్తాడు?" అన్నారు.

అన్నట్టే వాడు రాలేదు. రెండు మంగళవారాలు పోయాక అంజమ్మ ఒక్కతే వచ్చింది, జ్వరంతో. కొడుకు ఇంట్లో పడుకోవడం లేదట, ఆమె ముఖం చూడటం లేదట, మునుపటికన్నా ఎక్కువ పీలుస్తున్నాడట. సుగుణకుమారి గారు వెంటనే లేచి సంచీ తీసుకున్నారు. ముగ్గురం ఆటోలో లాలాగూడ వెళ్ళాం. దారిలో అంజమ్మతో, "ఒట్టు వేయించుకుంది నువ్వు. తీసి గట్టు మీద పెట్టాల్సింది కూడా నువ్వే" అన్నారు.

"ఏందీ, పోరగాళ్ళ ఆటనా డాక్టరమ్మా ఇది? గట్లంటే ఒట్టు పోతదా?"

"పోరగాడి కోసమే కదా వెళ్తున్నాం."

యాదగిరి రైల్వే క్వార్టర్ల వెనుక గోడ నీడలో ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు, కాళ్ళు సహకరించలేదు. అంజమ్మ వాడి ముందు కూలబడి, వాడి చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని, మళ్ళీ తీసి గోడకు ఆనించింది. "ఇగో, ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. ముట్టినవా? ముట్టితే ముట్టినవ్. నేనైతే సావ."

"జొరమొచ్చింది గదనే నీకు" అన్నాడు వాడు.

"వానల తడిస్తే రాదార పిచ్చోడా!"

వాడు తల్లి భుజం మీద పడి ఏడ్చాడు. సుగుణకుమారి గారు పక్కనే నేల మీద కూర్చుని, ఏడుపు ఆగేదాకా ఆగారు. తరువాత, "ఆఖరుసారి ఎప్పుడు?" అన్నారు. "పొద్దుగాల." "సరే. మంగళవారం రా." "మంగళారం లోపల మళ్ళ పీలిస్తే?" "అయితే మంగళవారం దాకా ఆగకు. ఆ రోజే రా."

తిరిగి వస్తూ, "ఇంత ప్రార్థన చేసే మీరు ఒట్లు నమ్ముతారా?" అని అడిగాను. "నేను నమ్మను. వాడు నమ్ముతున్నాడుగా! జబ్బు నాదా, వాడిదా?" అన్నారు.

యాదగిరి వచ్చాడు. ఆ తరువాత కూడా పీల్చాడు, పీల్చిన ప్రతిసారీ వచ్చి చెప్పాడు. పూర్తిగా మానడానికి ఏడాది పైనే పట్టింది. ఆవిడ పోయాక ఆ గది నాకు అప్పగించారు. నా దగ్గర నేర్చుకున్న వాళ్ళెవరూ పిల్లల చేత ఒట్టు వేయించలేదు, ఇంట్లో వేయించి తీసుకొస్తే ముందు దాన్ని తీయించాకే కేసు షీటు రాశారు. మొన్న వాళ్ళలో ఒక డాక్టరమ్మాయి, తాను చూస్తున్న కుర్రాడి గురించి ఫోన్ చేసింది. నీరసంగా, "నాలుగు నెలలు బాగున్నాడు మేడం. మళ్ళీ మొదలుపెట్టాడు" అంది.

"నీకెవరు చెప్పారు?"

"వాడే వచ్చి చెప్పాడు. బయట ఉన్నాడు."

"మరి నాతో ఫోన్లో ఏం చేస్తున్నావు? వెళ్ళు" అన్నాను.